పాయింట్ 32 మజిల్‌లోడర్‌లో ఎంత మందు పొయ్యాలి? బావ అడిగిన ప్రశ్న

ఇవాళ కొంచెం వేరే టాపిక్.

పోయిన నెల మా బావ ఒక ఫోటో పంపిండు. బావ అంటే మా మేనమామ కొడుకు, ఒహాయోలోని కొలంబస్‌లో ఉంటడు. ఫోటోలో సన్నటి, పొడుగాటి రైఫిల్. మూతి నుంచి మందు పోసి, గుండు కూరి కాల్చే రకం, మజిల్‌లోడర్. కింద ఒకటే లైను: "పాయింట్ 32 క్యాలిబర్, బరువు మూడు కిలోలు. మ్యాగ్జిమమ్ ఎంత మందు పొయ్యొచ్చురా?"

నన్నెందుకు అడిగిండంటే, కంపెనీలో కోడ్ రాసే రోజుల్లో నేను ఆన్‌సైట్ మీద అదే ఒహాయోలో ఏడు నెలలున్న. అక్కడ మా టీమ్‌లో ఒక పెద్దాయన ప్రతి శనివారం రేంజ్‌కి తీసుకపోయేటోడు. ఆయనకి ఈ పాత రకం రైఫిళ్లంటే పిచ్చి. ఇండియానాలో ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊరు ఉంది, 1933లో పెట్టిన నేషనల్ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్ వాళ్ల రేంజ్ అక్కడే. అక్కడికీ పోయినం. నాకు తెలిసింది అంతా ఆయన దగ్గర నేర్చుకున్నదే.

మొదలుపెట్టే ముందు ఇక్కడ చూసేవాళ్లకి ఒక మాట. మన దేశంలో మజిల్‌లోడర్ అయినా సరే లైసెన్స్ కావాల్సిందే. 1959 ఆయుధ చట్టం 13వ సెక్షన్‌లో పంట కాపలా కోసం మజిల్‌లోడర్‌కి లైసెన్స్ ఇచ్చే ముచ్చట ఉంది. లైసెన్స్ లేని నాటు తుపాకీ ఇంట్లో ఉంటే నేరుగా కేసే. "అన్నా ఎక్కడ దొరుకుతది" అని కామెంట్ పెట్టకండి, తీసేస్త. అమెరికాలో లెక్క వేరు. హెచ్‌వన్‌బి మీద ఉన్నోళ్లు మామూలు తుపాకీ ఉంచుకోవడం మీద ఫెడరల్ నిషేధం ఉంది, హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపులుంటే తప్ప. పాత పద్ధతి మజిల్‌లోడర్‌ని మాత్రం ఆ చట్టం యాంటిక్ కింద చూస్తది. కానీ స్టేట్ చట్టాలు విడిగా ఉంటయి, మీ స్టేట్‌ది మీరే చూసుకోండి.

మనకి ఈ వస్తువు కొత్తది కాదు. మన దగ్గర దాని పేరు భర్మారు. భర్ అంటే నింపు, మార్ అంటే కొట్టు. తెలంగాణ సాయుధ పోరాటం జ్ఞాపకాలు ఎవరివి చదివినా ఈ మాట తగుల్తది. బావ అడిగిన ప్రశ్న కూడా ఆ పేరులోనే ఉంది: ఎంత నింపాలి, దేన్ని కొట్టాలి. నా లెక్కలో రెండోది ముందు తేల్చుకోవాలి. తేడా ఏందంటే, మన భర్మారు గొట్టం లోపల నున్నగా ఉంటది, బావ రైఫిల్‌కి మెలిక గాడులుంటయి. గుండు గిర్రున తిరుగుతూ నేరుగా పోతది.

ఇంక లెక్కలు. మందుని గ్రెయిన్లలో కొలుస్తరు. ఒక గ్రెయిన్ అంటే 0.0648 గ్రాము. మన అవుసులాయన బంగారం తూచే గురిగింజ ఎత్తులో సగం కంటే కొంచెం ఎక్కువ. అంత చిన్నది. పాయింట్ 32 గొట్టంలో 0.310 అంగుళాల సీసం గుండు పడుతది. దాని బరువు దాదాపు 45 గ్రెయిన్లు, అంటే మూడు గ్రాములు కూడా లేదు. పాయింట్ 50 రైఫిల్ గుండు 177 గ్రెయిన్ల దాకా ఉంటది. ఒక పౌను సీసంతోటి పెద్ద గుండ్లు 39 వస్తే చిన్నవి 155 దాటి వస్తయి. సీసం, మందు మోసుకొని అడవిలో తిరిగే రోజుల్లో అమెరికన్లు చిన్న క్యాలిబర్‌ని ఎందుకు ఇష్టపడ్డరో ఈ ఒక్క లెక్క చాలు. ఆ రైఫిల్‌కి పేరే స్క్విరల్ రైఫిల్, ఉడతల రైఫిల్.

మందు త్రీ ఎఫ్ గ్రేడు నల్లమందు, సన్న పలుకు. కాగితం మీద బొమ్మ కొట్టడానికి 15 గ్రెయిన్లు. ఉడత, కుందేలు అయితే 20 దగ్గర. 30 అంటే ఈ సైజుకి గట్టి లోడే. ఇవి మామూలుగా వాడే అంకెలు. మీ రైఫిల్ కంపెనీ మాన్యువల్ ఏం చెప్తే అదే ఫైనల్. నల్లమందు బదులు పైరోడెక్స్ లాంటివి వాడితే తూకం కాదు, కొలత గిన్నెతో కొలవాలి. స్మోక్‌లెస్ పౌడర్, అంటే ఇప్పటి తూటాల్లో ఉండే మందు, ఒక్క పలుకు కూడా పొయ్యొద్దు. గొట్టం పేలిపోతది.

మరి 30 ఎందుకు పొయ్యొద్దు, పోస్తే ఏమైతది అని బావ అడిగిండు. ఒకటి, గుండ్రటి గుండు గాలికి చాలా తొందరగా నీరసపడ్తది. మూతి దగ్గర మీరు ఎక్కించిన స్పీడులో చాలావరకు 50 గజాలు పోయేలోపే గాలి తినేస్తది. మిగిలేది చప్పుడు, పొగ. రెండు, అంత స్పీడు తోటి ఉడతని కొడితే వండుకోవడానికి ఏం మిగలదు. 20 గ్రెయిన్లతోటి మూతి దగ్గర బలం .22 లాంగ్ రైఫిల్ కంటే ఎక్కువే ఉంటది. ఆ పనికి అది చాలు. జింక సంగతి మర్చిపోవాలి. ఒహాయోలో జింకకి .38 కంటే చిన్న మజిల్‌లోడర్ వాడొద్దని రూలే ఉంది. రూలు లేని చోట కూడా మూడు గ్రాముల గుండుతోటి జింకని కొట్టడం అంటే దాన్ని గాయంతోటి అడవిలోకి తోలడమే. మందు ఎంత పెంచినా గుండు బరువు పెరగదు కదా.

"లైట్ వెయిట్" గురించి కూడా ఒక తమాషా ఉంది. గొట్టం బయటి కొలత ఒకటే ఉంటే, బొక్క చిన్నదయ్యేకొద్దీ రైఫిల్ బరువెక్కుతది! లోపల ఇనుము ఎక్కువ మిగులుతది కాబట్టి. నేను కూడా మొదట ఉల్టా అనుకున్న. అందుకే నిజంగా తేలికైన పాయింట్ 32 కావాలంటే గొట్టమే సన్నగా ఉన్నది చూసుకోవాలి. అప్పుడు భుజం నొయ్యదు, పొద్దంతా చేతిలో పట్టుకొని నడవొచ్చు. కానీ 75 గజాలు దాటినాక గాలి వీస్తే ఆ చిన్న గుండు ఎటు పోతదో దానికే తెల్వదు.

లోడ్ ఎట్లా తేల్చుకోవాలి? 15తోటి మొదలుపెట్టి, 25 గజాల దగ్గర అయిదు గుండ్లు కొట్టండి. రెండు గ్రెయిన్లు పెంచి మళ్లీ అయిదు. చిన్న క్యాలిబర్‌లో రెండు గ్రెయిన్లంటే పది శాతం పైనే, పెద్ద తుపాకీలో అది లెక్కలోకే రాదు. ఎక్కడ అయిదు బొక్కలు దగ్గరికి వస్తే అక్కడ ఆగండి. ప్రతి సారీ గుండు చుట్టూ పెట్టిన గుడ్డ ముక్క ముందర పడ్తది, దాన్ని ప్యాచ్ అంటరు. పోయి ఏరుకొచ్చి చూడండి. నడుమ నల్లటి మచ్చ, అంచులు కొంచెం పీచు లేస్తే బాగున్నట్టు. చిల్లులు పడ్డా, కాలిపోయినా గుడ్డ పల్చగా ఉందని, లేదంటే మందు ఎక్కువైందని. నాకైతే అది ఎర్రర్ లాగ్ చదివినట్టే ఉంటది. ఈ సైజు గొట్టం మసితోటి తొందరగా పూడుకపోతది, కూరే కడ్డీ సన్నది, విరుగుతది. ప్రతి గుండు తర్వాత తడి గుడ్డతోటి తుడవాలి. ఇంటికొచ్చినంక వేడి నీళ్లు, సబ్బు. ఆ మసి తేమని లాగుతది, రెండు రోజులు వదిలేస్తే తుప్పే.

ఇప్పుడు ఆ "మ్యాగ్జిమమ్" సంగతి. ఇది మామని అడిగే చెప్తున్న.

మా అమ్మమ్మోళ్ల ఊరు ములుగు దిక్కు. తాతకి లైసెన్స్ ఉన్న భర్మారు ఉండె. ఎలక్షన్ వచ్చినప్పుడల్లా తీసుకపోయి స్టేషన్‌లో పెట్టి, అయిపోయినంక తెచ్చుకునేటోడు. మక్క చేను మీదికి పందులు వస్తయని మంచె మీద పండుకునేది. పందిని కాల్చేటోడు కాదు. అడవి పంది 1972 వన్యప్రాణి చట్టం కింద ఉంది, పర్మిషన్ లేకుండా కొట్టొద్దు. గుండు లేకుండా ఉత్త మందు, పైన గుడ్డ కూరి ఢామ్మని చప్పుడు చేసేటోడు, అంతే. కొద్ది మందుతోటే పని అయ్యేది.

నాకు ఏడేళ్లప్పుడు, ఒక రాత్రి మామ మంచె మీదికి పోయిండు. లైసెన్స్ తాత పేరు మీద ఉంది కాబట్టి మామ దాన్ని ముట్టడమే తప్పు. పందుల చప్పుడైంది. మామ మందు పోసిండు, గట్టిగా రావాలని ఇంకొంచెం పోసిండు, కూరిండు, కాల్చిండు. గొట్టం చీలింది. ఎడమ చేతి రెండు వేళ్లు పోయినయి. ఎడ్లబండి మీద రోడ్డు దాకా, అక్కడి నుంచి జీపుల వరంగల్ ఆసుపత్రికి.

ఇన్నేళ్లు మామ అందరికీ "గొట్టం తుప్పు పట్టింది" అనే చెప్పిండు. మొన్న దసరాకి పోయినప్పుడు బావ రైఫిల్ ఫోటో చూపిస్తే చాలాసేపు చూసిండు. తర్వాత అసలు సంగతి చెప్పిండు. సాయంత్రం తాత అప్పటికే లోడ్ చేసి పెట్టి, అన్నం తిననీకి ఇంటికి పోయిండట. మామకి తెల్వదు. దాని మీద ఇంకో లోడ్ పోసిండు. మరి బావకి చెప్పినవా అంటే, "నేను చెప్తే వాడు వినడు. నువ్వు లెక్కలు చూపిచ్చి చెప్పు" అన్నడు.

ఈ తుపాకీ బయటి నుంచి చూస్తే నిండి ఉందా, ఖాళీగా ఉందా తెల్వదు. అసలు ప్రమాదం అక్కడుంది. మందుకీ గుండుకీ నడుమ సందు ఉన్నా అదే కథ. గుండు మందు మీద ఆనకుండా మధ్యలో ఆగితే గొట్టానికి బిరడా కొట్టినట్టే. దీనికి ఫ్రెండ్‌షిప్‌లో ఆ పెద్దాయన చూపించిన ఉపాయం పైసా ఖర్చు లేనిది. గొట్టం ఖాళీగా ఉన్నప్పుడు కడ్డీ లోపల పెట్టి, మూతి దగ్గర ఒక గీత. మీ లోడ్ సరిగ్గా కూరినంక ఇంకో గీత. తుపాకీ చేతిలోకి రాగానే, ఎవరు ఇచ్చినా సరే, మొదటి పని కడ్డీ వేసి ఏ గీత దగ్గర ఆగిందో చూడటం. రెండో గీత కంటే పైన ఆగితే క్యాప్ పెట్టొద్దు. ఇంకొకటి, మందు డబ్బా నుంచి నేరుగా గొట్టంలో పొయ్యొద్దు. లోపల నిప్పు రవ్వ ఉంటే డబ్బా మొత్తం చేతిలో అంటుకుంటది. కొలత గిన్నెలోకి పోసి, అందులో నుంచి గొట్టంలోకి.

ఈ వీడియో రికార్డ్ చేసే ముందు బావకి ఫోన్ చేసి అంతా చెప్పిన. వాళ్ల నాన్న వేళ్ల సంగతి దగ్గరికి వచ్చేసరికి అటు నుంచి మాట లేదు. లైన్ కట్ అయిందనుకున్న. తర్వాత, "తుప్పు అన్నడు కదరా" అన్నడు. అంతే, పెట్టేసిండు.

ఆదివారం రాత్రి మళ్లీ ఫోటోలు పంపిండు. కడ్డీ మీద రెండు గీతలు, ఒకటి నలుపు, ఒకటి ఎరుపు. టార్గెట్ కాగితం మీద అయిదు బొక్కలు, పైన చాయ్ కప్పు బోర్లిస్తే మూతపడేటంత దగ్గరగా. 18 గ్రెయిన్లు. "20 కంటే ఇదే బాగుంది, 22కి ప్యాచ్‌లు కాల్తున్నయి" అని రాసిండు. అవే ఫోటోలు మామకి కూడా పంపిండట. మామ ఫోన్ చేసి ఎరుపు గీత ఏందని నన్ను అడిగిండు.