పది దగ్గర ఆగిన చదువును డిగ్రీ దాకా తీసుకపోదాం

(శ్రీరాంపూర్‌లో సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



పొద్దటి నుంచి లెక్కలు విన్నం. ఎన్ని సంఘాలకు బ్యాంకు లింకేజీ వచ్చింది, ఎంత వసూలైంది, ఎక్కడ బాకీ నిలిచింది అనేది కార్యదర్శి అక్క చదివి వినిపించింది. నాకు ఇచ్చిన అంశం చదువు. పిల్లల చదువు గురించి ప్రతి ఏడు మాట్లాడుకుంటనే ఉన్నం. ఈసారి మన సొంత చదువు గురించి మాట్లాడుదామనుకున్న. నేను పదో తరగతి వరకు చదివిన. ఈ హాల్లో నా లెక్కనే పది దగ్గరనో, ఇంటర్ మొదటి సంవత్సరం దగ్గరనో ఆగినోళ్లు చానామంది ఉన్నరు. పెండ్లయింది, పిల్లలయిండ్రు, చదువు అట్లనే ఉండిపోయింది. ఆఖరికి నేను మీ ముందర ఒక తీర్మానం పెడుత. దాని మీద మీరు చెయ్యెత్తాలె, లేకపోతే వద్దనాలె. అందుకని కొంచెం ఓపికతో వినండి.

యూనివర్సిటీ అంటే మనకు పెద్ద గేటు, హాస్టళ్లు, వయసు పిల్లలు గుర్తుకొస్తరు. వరంగల్‌లో కాకతీయ యూనివర్సిటీ 1976లో వచ్చింది. కరీంనగర్‌లో శాతవాహన యూనివర్సిటీ 2008లో వచ్చింది. అదే ఏడు బాసరలో ట్రిపుల్ ఐటీ మొదలైంది. పది పాసైన ఊరి పిల్లలను తీసుకొని ఆరేండ్లు చదివించి ఇంజనీర్లను చేసే కాలేజీ అది. ఇవన్నీ మన పిల్లల కోసం. మన కోసం కూడా ఒక ప్రభుత్వ యూనివర్సిటీ ఉన్నది. దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. మనం మామూలుగా ఓపెన్ యూనివర్సిటీ అంటం.

ఇది 1982లో హైదరాబాద్‌లో పెట్టిండ్రు. అప్పుడు పేరు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దేశం మొత్తం మీద మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ ఇదే. ఢిల్లీలో ఇందిరాగాంధీ పేరు మీద ఉన్న ఓపెన్ యూనివర్సిటీ దీని తర్వాత మూడేండ్లకు, 1985లో వచ్చింది. ఈ రెంటికీ మొదటి వైస్ ఛాన్సలర్ ఒక్కరే, ప్రొఫెసర్ జి. రామిరెడ్డి గారు. ఆయన పుట్టింది మన కరీంనగర్ జిల్లాల. ఉస్మానియా యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా చేసిండు, తర్వాత దేశంలోని యూనివర్సిటీలన్నిటికీ పైన ఉండే యూజీసీకి ఛైర్మన్ అయిండు. కాలేజీకి రాలేని మనిషి దగ్గరికి కాలేజీయే పోవాలని నమ్మి పనిచేసిన మనిషి. 1991లో ఈ యూనివర్సిటీకి అంబేద్కర్ పేరు పెట్టిండ్రు. చదువుతోనే పైకొచ్చి, చదువుకొమ్మని అందరికీ చెప్పిన మహానుభావుని పేరు దానికి సరిగ్గ సరిపోయింది.

ఇక్కడ చదువు ఎట్లుంటదో చెప్పుత. రోజూ కాలేజీకి పోవుడు ఉండదు. పుస్తకాలు తెలుగుల ఉంటయి. ఇంటి దగ్గర ఎవరికి వాళ్లు చదువుకునేటట్టు పాఠం పాఠానికి ప్రశ్నలు పెట్టి రాసిన పుస్తకాలవి. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలల్ల స్టడీ సెంటర్లు ఉంటయి. కాలేజీకి సెలవున్న రోజు, ముఖ్యంగా ఆదివారం, అక్కడ సార్లు వచ్చి క్లాసులు చెప్తరు. అర్థం కానిది అడుగొచ్చు. డిగ్రీ మూడేండ్లు, ఏడాదికి రెండు సెమిస్టర్లు. బీఏ, బీకాం, బీఎస్సీ ఉన్నయి. ఇది సర్కారు యూనివర్సిటీ డిగ్రీ. రెగ్యులర్ డిగ్రీకి ఎంత విలువో దీనికీ అంతే. పోటీ పరీక్షలకు కూడా పనికొస్తది.

పాత రోజులల్ల ఇంకో వెసులుబాటు ఉండె. ఇంటర్ లేకున్నా, పద్దెనిమిదేండ్లు నిండినోళ్లు ఒక అర్హత పరీక్ష రాసి పాసైతే డిగ్రీల చేర్చుకునేటోళ్లు. బడి మొఖం సరిగ్గ చూడనోళ్లు కూడా ఆ దారిన డిగ్రీ చేసిండ్రు. ఇప్పుడు డిగ్రీకి ఇంటర్ గాని, దానికి సమానమైన చదువు గాని ఉండాలె. అందుకని పది దగ్గర ఆగిన మనకు రెండు మెట్లున్నయి. మొదటి మెట్టు తెలంగాణ ఓపెన్ స్కూల్ ఇంటర్. అందుల ఐదు సబ్జెక్టులు. ఐదూ ఒక్కసారే రాయాలని లేదు. ఈసారి రెండు, వచ్చేసారి రెండు, ఆ తర్వాత ఒకటి రాసుకోవచ్చు. పాసైన సబ్జెక్టు పాసైనట్టే ఉంటది. ఏడాదికి రెండుసార్లు పరీక్షలు, ఐదేండ్ల దాకా గడువు. అది అయినంక రెండో మెట్టు ఓపెన్ డిగ్రీ.

లెక్క వేస్తే నాలుగేండ్లు, నిదానంగ పోతే ఐదారేండ్లు. "ఇప్పుడు ముప్పై ఐదు, అది అయ్యేసరికి నలభై దాటుతయి, ఇంక ఎందుకే" అని మా సంఘంల ఒక అక్క అన్నది. పక్కనున్న పెద్దమ్మ ఆమెకు జవాబిచ్చింది: "చదవకపోతే నలభై రాకుంట ఆగుతయా బిడ్డా?" మూడేండ్ల వాయిదాల మీద బ్యాంకు అప్పు తీసుకొని నెల తప్పకుండ కడుతున్నం. ఇది గూడ అసువంటి వాయిదానే.

ఇప్పుడు అసలు సంగతికొస్త. చేరుడు కష్టం కాదు, పూర్తి చేసుడే కష్టం. యూనివర్సిటీ పుస్తకం ఇస్తది, క్లాసు పెడతది, పరీక్ష పెడతది. ఇంట్ల పుస్తకం తెరిపించుడు యూనివర్సిటీ చేతుల లేదు. మన శ్రీరాంపూర్ సంగతి మీకు తెల్వంది కాదు. గనిల మూడు షిఫ్టులు. ఆయన మొదటి షిఫ్టుకు పోతే చీకటితోనే లేచి సద్ది కట్టాలె. నైట్ షిఫ్టు చేసి వస్తే పగలు ఇంట్ల చప్పుడు కావద్దు. ఆదివారం ప్లే డే దొరికితే ఆయన డ్యూటీకి పోతడు, పిల్లలను చూసేటోళ్లు ఉండరు. దొరకకపోతే ఇంట్లనే ఉంటడు, చుట్టాలొస్తరు, కూర వండాలె. ఆదివారం క్లాసు ఎట్ల పోవాలె? కాంట్రాక్టు పనికి పోయే అక్కలకైతే ఆదివారం ఒక్కటే బట్టలుతికే రోజు.

మన సంఘాలల్ల ఇప్పటికే చేరి ఆగిపోయినోళ్లను నేను అడిగిన. ఒక చెల్లె పరీక్ష ఫీజు తారీఖు తెల్వక ఒక ఏడాది పోగొట్టుకున్నది. ఇంకొకామెకు తారీఖు తెలిసింది గాని అదే వారం పిల్లగానికి జ్వరమొచ్చి చేతిల పైసలు దవాఖానకు అయిపోయినయి. ఒకామెకు ఇంగ్లీషు పేపర్ అంటే భయం. ఇంకొకామె కొడుకు వయసు పిల్లల పక్కన కూసోవడానికి సిగ్గుపడి క్లాసుకు పోవుడు బంద్ చేసింది. ఒకామెకు పది మెమో మీద పుట్టింటి ఇంటిపేరు, ఆధార్ మీద అత్తింటి ఇంటిపేరు ఉంటే, అది సరిచేసుకునుడుకే గడువు దాటిపోయింది. వీళ్లల్ల తెలివి లేక ఆగినోళ్లు ఒక్కరు కూడా లేరు. పక్కన ఒక మనిషి ఉండి గుర్తు చేస్తే, వెయ్యో రెండు వేలో సర్దితే, ఒక పూట పిల్లలను చూసుకుంటే ఆగేటోళ్లు కాదు.

ఇవన్నీ సంఘం చెయ్యగలిగిన పనులే. మనకు పంచసూత్రాలు కొత్తగ నేర్పే పని లేదు. అవే చదువుకు పెడదాం.

ఒకటి, క్రమం తప్పని సమావేశం. చదివేటోళ్లు వారానికి ఒక్కరోజు, రెండు గంటలు, సమాఖ్య ఆఫీసుల కూసోవాలె. ఒకరు చదివితే మిగిలినోళ్లు వింటరు. ఒక్కదానికి ఇంట్ల నిద్రొస్తది, నలుగురు కూసుంటే రాదు.

రెండు, పొదుపు. నెలకు వంద రూపాయలు చదువు పొదుపని పక్కకు పెడితే పరీక్ష ఫీజు నాటికి చేతిల ఎంతో కొంత ఉంటది.

మూడు, అంతర్గత అప్పు. బర్రెకు ఇస్తున్నం, కుట్టు మిషన్‌కు ఇస్తున్నం. ఫీజుకు గూడ ఇయ్యాలె. అప్పు ఫారంల "చదువు" అని రాయడానికి ఎవ్వరూ వెనుకాడొద్దు.

నాలుగు, వాయిదా. డబ్బు వాయిదాతో పాటు చదువు వాయిదా ఉండాలె. ఈ నెల ఇన్ని పాఠాలు అని అనుకొని, నెలాఖరుకు అయినయా లేదా సంఘంల చెప్పాలె. కానోళ్లను ఎవరూ తిట్టొద్దు, ఎందుకు కాలేదో అడిగి సాయం చెయ్యాలె.

ఐదు, పుస్తక నిర్వహణ. ఒక రిజిస్టర్ పెడదాం. ఎవరు ఏం చదువుతున్నరు, ఫీజు ఆఖరి తారీఖు ఎప్పుడు, హాల్ టికెట్ వచ్చిందా, ఏ సబ్జెక్టు పాసైంది అనేది అందుల రాయాలె. తారీఖు తెల్వక ఇంకో చెల్లె ఏడాది పోగొట్టుకోవద్దు.

యూనివర్సిటీలను మనం అడిగేది గూడ ఉన్నది. కాలేజీ పిల్లలకు ఎన్‌ఎస్‌ఎస్ అని ఉంటది. గాంధీ గారి శతజయంతి ఏడాది, 1969ల, దేశంల 37 యూనివర్సిటీలల్ల అది మొదలైంది. "నేను కాదు, మీరు" అనేది వాళ్ల మాట. ఆ పిల్లలు ఏడు రోజుల క్యాంపు పెట్టి ఊర్లకు, బస్తీలకు వస్తరు. వచ్చి రోడ్లు ఊడుస్తరు, మొక్కలు నాటుతరు, ర్యాలీ తీస్తరు. అది మంచిదే, వద్దంటలేను. కాని రోడ్డు మనం గూడ ఊడ్చుకోగలం. మనకు రానిది ఇంగ్లీషు పాఠం. దరఖాస్తు ఆన్‌లైన్‌ల నింపుడు రాదు. క్యాంపుకు వచ్చే ముందు కాలేజీ వాళ్లు మనల్ని అడుగరు, మనమూ పోయి చెప్పం. ఈసారి సమాఖ్య తరఫున ఒక లెటర్ రాసి ప్రిన్సిపాల్ సారు చేతికి ఇద్దాం. మీ పిల్లలు వారానికి ఒక్క పూట వచ్చి మాకు ఇంగ్లీషు చెప్పాలె, మేము వాళ్లకు సంఘం లెక్కలు ఎట్ల నడుస్తయో చూపిస్తం అని రాద్దాం. బీకాం పిల్లలు బ్యాలెన్స్ షీటు పుస్తకంల చూస్తరు. మన దగ్గర అసలు లెక్క చూస్తరు. వాళ్లకూ లాభమే.

అట్లనే స్టడీ సెంటర్ వాళ్లను అడుగాలె. ఫీజు రాయితీ ఎవరెవరికి ఉన్నదో, ఏ సెంటర్‌ల ఏ గ్రూపు ఉన్నదో మనకు వచ్చి చెప్పుమనాలె. మన సమావేశానికి పిలిస్తే తప్పకుండ వస్తరనే నమ్మకం నాకున్నది.

ఒక జాగ్రత్త. "పరీక్ష రాయకుండ డిగ్రీ ఇప్పిస్త", "ఒక్క సిట్టింగ్‌ల మూడేండ్ల డిగ్రీ" అని చెప్పేటోళ్లు బస్తీలల్ల తిరుగుతున్నరు. మనకు తెలిసిన ఒకామె దగ్గర వేలకు వేలు తీసుకొని రంగు కాగితం చేతిల పెట్టిండ్రు. అది ఎక్కడా చెల్లలేదు. పైసలు పోయినయి, రేపు ఉద్యోగానికి పెడితే కేసైతది. గుర్తింపు ఉన్న యూనివర్సిటీల పేర్లు యూజీసీ వెబ్‌సైట్‌ల ఉంటయి. తెల్వకపోతే ఆర్పీని అడుగండి, మీ పిల్లల టీచర్‌ను అడుగండి. మధ్యవర్తి చేతికి మాత్రం రూపాయి ఇయ్యకండి.

డిగ్రీ అయితే ఏమొస్తది అని ఇంట్ల అడుగుతరు. ఉద్యోగం ఖాయంగ వస్తదని నేను చెప్పను. డిగ్రీ ఉన్న పిల్లలే ఖాళీగ ఉన్నరు, మన ఇండ్లల్లనే ఉన్నరు. కాని కొన్ని కొలువులకు, ప్రమోషన్లకు డిగ్రీ లేకుంటే దరఖాస్తే పెట్టనియ్యరు. అంగన్‌వాడీ టీచర్‌గా ఉన్న అక్కలకు ఆ సంగతి బాగ తెలుసు. రెండోది, బ్యాంకు కాగితం మీద ఏమున్నదో చదువుకొని సంతకం పెట్టే శక్తి వస్తది. మూడోది మన పిల్లలు. తల్లి రాత్రి పుస్తకం ముందట పెట్టుకుంటే బిడ్డను చదువుకొమ్మని ఒర్రే పని తగ్గుతది. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణల ఆడవాళ్లల్ల నూటికి 58 మందికే చదువొచ్చు. మిగిలినోళ్లల్ల మన అమ్మలు, అత్తలు ఉన్నరు. వాళ్లు కూలి చేసి మనను పది దాకా తెచ్చిండ్రు. అక్కడి నుంచి ముందటికి పోవుడు మన వంతు.

తీర్మానం చదువుతున్న.

ఒకటి, ప్రతి సంఘం నుంచి చదువు కొనసాగించాలనుకునే సభ్యుల పేర్లు నెల రోజులల్ల సమాఖ్యకు ఇయ్యాలె. సంతకమే రానోళ్లుంటే వాళ్ల పేర్లు గూడ ఇయ్యాలె, వాళ్లకు అక్షరాల నుంచి మొదలుపెడుదాం.

రెండు, సమాఖ్య నిధి నుంచి ఓపెన్ ఇంటర్, ఓపెన్ డిగ్రీ ఫీజులకు చిన్న అప్పులు ఇయ్యాలె. పరీక్ష రాసినోళ్లకు వడ్డీ మాఫీ చెయ్యాలె. పాసైనా, ఫెయిలైనా మాఫీ ఉండాలె. ఎందుకంటే ఫెయిలైనోళ్లే మళ్ల రాయాలె గనుక.

మూడు, ఆదివారం క్లాసు ఉన్న రోజు సమాఖ్య ఆఫీసుల పిల్లలను చూసుకునే బాధ్యత వంతులవారీగ సంఘాలు తీసుకోవాలె.

నాలుగు, కాలేజీకి, స్టడీ సెంటర్‌కు లెటర్లు ఈ నెలలనే పోవాలె.

వడ్డీ మాఫీ మీద కొందరు అక్కలకు అనుమానం ఉన్నదని నాకు తెలుసు. అది అందరి పైసల సంగతి, అడుగుడు న్యాయమే. ఇప్పుడే అడుగండి, లెక్క కోశాధికారి అక్క ముందర ఉన్నది. అడిగినంక, మంచిదనిపిస్తే చెయ్యెత్తండి. పేరు ఇచ్చే మొదటి మనిషిని నేనే, రిజిస్టర్‌ల మొదటి గీత మీద నా పేరు రాసుకోండి.