కుండీ మన్నునందలి క్షారము

కుండీలోని నిమ్మమొక్క లేతాకులు పసుపువారి, ఈనెలు మాత్రము పచ్చగా నిలిచినచో, ఎరువు చాలలేదని మరింత పేడయెరువును బూడిదను వేయుదుము. నేనును అట్లే చేసితిని; మొక్క మరింత క్షీణించినది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములయందు కఠినమైన బావినీరు పోయువారు కుండీ అంచున తెల్లని పొరను చూచియే యుందురు. అది చాలవరకు సున్నము. మన్ను క్షారమైనప్పుడు ఇనుము అందులోనే యున్నను వేరునకు అందదు. బూడిద ఆ క్షారమును హెచ్చించును.

జగిత్యాల చెంత పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానము కలదు, సలహా నడుగవచ్చును. ఉదజని సూచిక 7 తటస్థము, 8కి మించిన చిక్కే. బూడిద మాని, మాగిన యెరువుతో చిటికెడు గంధకపు పొడి కలుపుడు. సూక్ష్మజీవులు దానిని ఆమ్లముగా మార్చుటకు వారములు పట్టును. వాననీరు పట్టి పోయుట మరియు మేలు. వెనిగరు పడగానే మన్ను నురగెత్తినచో గంధకము చాలదు, మన్నే మార్చవలయును.