ఇసుకలోని కొండలు

బాపట్ల ప్రాంతమున కొండలు లేవు. ఇంటి పునాదికి రాయి కావలెనన్నను దూరమునుండి తెప్పించుకొనవలసినదే. అట్టిచోట శిలలను గూర్చి ముచ్చటించుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని సూర్యలంక ఒడ్డున దోసెడు ఇసుక తీసికొని పరీక్షగా చూచినచో, ఎన్ని కొండల ఆనవాళ్ళో అందు కనిపించును.

ముందుగా శిలకును ఖనిజమునకును గల భేదము తెలిసికొందము. ప్రకృతిలో ఏర్పడి, నిర్ణీతమైన రసాయన నిర్మాణము గలది ఖనిజము. అట్టి ఖనిజములు కలిసి గట్టిపడినది శిల. విజయవాడ కొండలలోని ఖోండలైటు శిలను తీసికొనుడు. అందు తెల్లని పలుగురాయి, ఫెల్డ్‌స్పారు, ఎఱ్ఱని గార్నెట్, సిలిమనైటు అను ఖనిజములు కలవు.

కృష్ణానది మహాబలేశ్వరము కడ పుట్టి, సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించి సముద్రమును చేరుచున్నది. దారిలో దక్కను నల్లరాతిని, గ్రానైటును, పల్నాటి సున్నపురాతిని, తూర్పుకనుమల శిలలను ఒరసికొని వచ్చును. ఎండకు, వానకు శిథిలమైన ఈ రాళ్ళ గతి మూడు విధములు. పలుగురాయి మిక్కిలి గట్టిది. అది అరిగి అరిగి ఇసుక యగును. ఫెల్డ్‌స్పారు క్రుళ్ళి మెత్తని బంకమట్టి యగును. తెనాలి, రేపల్లె మాగాణులలో వరి పండించుచున్నది ఇట్టి మట్టియే. ఇక సున్నపురాయి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొన్న వాననీటిలో మెల్లగా కరగిపోవును. అట్లు కరగినచోట మిగిలిన బోలుతనమే గుహ. నంద్యాల జిల్లాలోని బెలుం గుహలు ఈ విధముగా ఏర్పడినవే. వాని పొడవు 3 కిలోమీటర్లకు పైబడి యున్నది.

సముద్రపుటొడ్డున అక్కడక్కడ నల్లని చారలు కనిపించును. అలలు తేలికయైన రేణువులను కొనిపోగా, ఇల్మెనైటు, మాగ్నటైటు వంటి బరువైన ఖనిజములు వెనుక నిలిచిపోవును. ఆ ఇసుకపై సూదంటురాయి త్రిప్పినచో మాగ్నటైటు రేణువులు దానికి అంటుకొనును. పిల్లలచేత చేయింపదగిన పరీక్ష ఇది.

బాపట్ల పరిసరములలో తీరమునకు సమాంతరముగా ఇసుకదిబ్బలు కలవు. ఇవి ఒకనాటి సముద్రపుటొడ్డులు. మంచుయుగము ముగిసిన పిదప పెరిగిన సముద్రమట్టము, సుమారు 6,000 ఏండ్లకు పూర్వము, ఇంచుమించు నేటి స్థాయికి చేరినది. తరువాత నది తెచ్చిన మట్టి పేరుకొనుచుండగా నేల ముందుకు సాగినది. సాగినకొలది పాత ఒడ్డులు దిబ్బలై వెనుక నిలిచినవి.

ఈ దిబ్బలతో మన త్రాగునీటికి సంబంధము కలదు. వాననీరు ఇసుకలో ఇంకి, క్రిందనున్న ఉప్పునీటిపై తేలుచుండును. ఉప్పునీటికంటె మంచినీరు తేలిక యగుటయే కారణము. మన రైతులు దొరువులు త్రవ్వి తోడుకొనునది ఈ నీటినే. సముద్రమట్టమునకు పైన ఒక అడుగు మంచినీరు నిలిచినచో, క్రింద సుమారు 40 అడుగుల వరకు మంచినీరుండునని శాస్త్రజ్ఞుల లెక్క. దీనినే త్రిప్పి చూడుడు. పైమట్టము ఒక అడుగు తగ్గినచో, క్రిందనుండి ఉప్పునీరు కాలక్రమమున 40 అడుగులు పైకి రాగలదు. లోతైన బోరు వేసి బలమైన యంత్రముతో తోడినపుడు నీరు ఉప్పనగుట ఇందువలననే. బాపట్లలోని వ్యవసాయ పరిశోధకులు దీనిని గమనించి, ఇసుకలో తక్కువ లోతున రంధ్రములు గల గొట్టములను అడ్డముగా పరచి, పైపొర నీటిని మాత్రమే బావిలోనికి రాబట్టు పద్ధతిని రూపొందించిరి.

దిబ్బను త్రవ్వి ఇసుక తరలించినచో వాననీటిని ఇముడ్చుకొను పాత్రయే చిన్నదగును. నది మరల తెచ్చిపోయునను ఆశ కూడ పెట్టుకొనరాదు. 1967లో ప్రారంభమైన నాగార్జునసాగరము, ఆ తరువాత వచ్చిన శ్రీశైలము వంటి జలాశయములలో నది మోసికొనివచ్చు ఒండ్రు, ఇసుక చాలవరకు ఆగిపోవుచున్నవి. ఆ జలాశయములు మన పొలములకు ప్రాణము. వానిని తప్పుపట్టుట భావ్యము కాదు. కాని వేల ఏండ్లలో పేరుకొన్న ఇసుకకు లారీలో ధర కట్టునపుడు, దాని అడుగున నిలిచిన నీటిని కూడ ఆ లెక్కలో చేర్చవలెను. దిబ్బను అమ్ముకొన్నవాడు ఒక్కడే యైనను, చుట్టుప్రక్కల దొరువులన్నియు ఉప్పెక్కు ప్రమాదము కలదు.