ఎప్పుడూ వెళ్ళే ఊరికా? చూడని చోటికా?



ఈనాటి ప్రసంగంలో మనం చర్చించుకోబోయే ప్రశ్న మీ ఇళ్ళలో ఏటా వినిపించేదే. పరీక్షలు ముగిశాయి, సెలవులు వచ్చాయి. ఎక్కడికి వెళ్దాం? ఎప్పుడూ వెళ్ళే ఊరికేనా, ఇంతవరకు చూడని చోటికా? చూడటానికి ఇది చిన్న ప్రశ్న. కాని దీని వెనుక కొంత చరిత్ర ఉంది, కొంత గణితం ఉంది, కొంత జీవశాస్త్రం ఉంది. మనుషుల మధ్య ఉండవలసిన బాధ్యత కూడా ఉంది. వీటిని ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం. మాట్లాడుకోవడానికి వీలుగా ఒక రైల్వే ఊరిని ఉదాహరణగా తీసుకుందాం. అది ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బిలాస్‌పూర్.

ఒక రైల్వే ఊరు

భారతదేశ పటాన్ని ఒకసారి ముందు పెట్టుకోండి. నాగపూర్ నుంచి తూర్పుగా వచ్చే రైలు మార్గం మీద బిలాస్‌పూర్ కనబడుతుంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఈ మార్గాన్ని బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ వరకు వేసి 1891లో పూర్తి చేసింది. 2003 నుంచి ఈ ఊరు ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం.

ఇక్కడి రైల్వే కాలనీల్లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉంటున్నాయి. అంత దూరంలో తెలుగువారు ఎలా స్థిరపడ్డారు? తూర్పు తీరపు రైలు మార్గంలోని ఉత్తర భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. దానితో విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాలవారికి ఆ కంపెనీ ఉద్యోగాలు దగ్గరయ్యాయి. విజయనగరం నుంచి రాయపూర్ వెళ్ళే మార్గం 1931లో పూర్తి అయింది. అప్పుడు సొంత ఊరు, ఉద్యోగపు ఊరు ఒకే కంపెనీ పట్టాలతో కలిశాయి. ఈనాటికీ కోర్బా - విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ బిలాస్‌పూర్, రాయపూర్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విజయనగరం చేరుతుంది. బిలాస్‌పూర్ తెలుగు కుటుంబానికి అది కేవలం రైలు కాదు, అమ్మమ్మ గారింటికి దారి.

ఇప్పుడు అటువంటి ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. తండ్రి రైల్వేలో మెకానిక్. కూతురు పదో తరగతి పరీక్షలు రాసింది. ఆ అమ్మాయి అడుగుతోంది: "నాన్నా, ఏటా విజయనగరమే కదా! ఈసారైనా అమర్‌కంటక్ తీసుకెళ్ళవా?" తండ్రి అంటాడు: "అమ్మమ్మ మనకోసం చూస్తూ ఉంటుంది కదమ్మా. మనం వెళ్ళకపోతే ఆవిడకి వేసవి వచ్చినట్టే ఉండదు." ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. మరి ఎవరి మాట నెగ్గాలి?

కొరత దేనికి?

ముందుగా ఒక విషయం గమనించండి. అయిదేళ్ళ సర్వీసు దాటిన గ్రూప్-సి రైల్వే ఉద్యోగికి సంవత్సరానికి 3 సెట్ల ఉచిత పాసులు వస్తాయి. టికెట్ ధరలో మూడో వంతు చెల్లించి ప్రయాణించే పి.టి.ఓ.లు మరో 4 సెట్లు వస్తాయి. కాబట్టి ఈ కుటుంబానికి రైలు ఖర్చు పెద్ద అడ్డంకి కాదు. అడ్డంకి సెలవు రోజులు. తండ్రికి సెలవు దొరికే రోజులు, పిల్లలకు బడి లేని రోజులు కలిసి వచ్చేది కొద్ది రోజులే. అంటే మనం పంచుకోవలసినది డబ్బు కాదు, కాలం.

కాలాన్ని ఎలా పంచాలి అన్న ప్రశ్నకు గణితంలో ఒక ప్రసిద్ధమైన సమస్య ఉంది. 1952లో హెర్బర్ట్ రాబిన్స్ అనే అమెరికన్ గణితవేత్త దీని మీద ఒక ముఖ్యమైన పరిశోధన పత్రం ప్రచురించారు. తెలిసినదానితో లాభం పొందుతూ ఉండాలా, తెలియనిదాన్ని పరీక్షించాలా అన్నదే ఆ సమస్య. దీన్ని ఒక టిఫిన్ హోటలు లెక్కతో చూద్దాం.

మీ వీధిలో తెలిసిన హోటలు ఒకటి ఉంది. అక్కడి ఇడ్లీకి మీరు 10కి 7 మార్కులు వేస్తారు. పక్కనే కొత్త హోటలు తెరిచారు. అది బాగుంటే 9 మార్కులు, బాగులేకపోతే 4 మార్కులు. రెండింటికీ సమానమైన అవకాశం ఉంది. సగటు తీస్తే ఆరున్నర. మీరు ఆ ఊళ్ళో ఉండేది ఒక్కరోజే అయితే పాత హోటలే మేలు. ఎందుకంటే ఆరున్నర కంటే 7 ఎక్కువ.

కాని పది రోజులు ఉండబోతున్నారనుకోండి. పది రోజులూ పాత హోటలుకే వెళ్తే మొత్తం 70 మార్కులు. అలా కాక మొదటి రోజు కొత్త హోటలుకు వెళ్ళారు. అది బాగుంటే పది రోజులూ అక్కడే తింటారు, 90 మార్కులు. బాగులేకపోతే మొదటి రోజు 4, మిగిలిన తొమ్మిది రోజులు పాత హోటల్లో 63, మొత్తం 67. ఈ రెండింటి సగటు డెబ్బై ఎనిమిదిన్నర. చూశారా, ఒక్కరోజు సాహసం చేసినందుకు సగటున ఎనిమిదిన్నర మార్కులు ఎక్కువ వచ్చాయి. కొత్తది నచ్చితే దాని లాభం చాలా రోజులు అనుభవిస్తాం. నచ్చకపోతే నష్టం ఒక్కరోజుతో పోతుంది.

దీని నుంచి వచ్చే సూత్రం ఇది: ముందు ఎంత కాలం మిగిలి ఉంటే, కొత్తదాన్ని చూడటానికి అంత విలువ. మీకు పదిహేనేళ్ళో ఇరవయ్యేళ్ళో ఉంటాయి. ముందు బోలెడు జీవితం ఉంది. కాబట్టి ఈ లెక్క ప్రకారం ఆ అమ్మాయి మాటే నెగ్గాలి.

ప్రకృతిలో కూడా ఈ పంపకం కనిపిస్తుంది. తేనెటీగల్లో చాలా ఈగలు తెలిసిన పూలతోటకే మళ్ళీ మళ్ళీ వెళ్తాయి. కొద్ది ఈగలు మాత్రం కొత్త పూల కోసం వెతుకుతూ తిరుగుతాయి. అవి తిరిగి వచ్చి, తేనెపట్టు మీద ఒక విధమైన నాట్యం చేసి, పూలు ఏ దిక్కున ఎంత దూరంలో ఉన్నాయో మిగిలినవాటికి తెలియజేస్తాయి. ఈ నాట్య భాషను వివరించిన కార్ల్ వాన్ ఫ్రిష్ 1973లో నోబెల్ బహుమతి పొందినవారిలో ఒకరు. అన్ని ఈగలూ పాత తోటకే వెళ్తే, ఆ పూలు వాడిన రోజున పట్టు మొత్తం ఆకలితో ఉంటుంది. అన్నీ కొత్త దారులే పడితే ఈరోజుకు తేనె చేరదు.

లెక్కలో దాగిన ఒక ఊహ

ఇంతవరకు బాగానే ఉంది. కాని మన హోటలు లెక్కలో ఒక ఊహ దాగి ఉంది. ఏమిటది? పాత హోటలు ఎప్పటికీ అలాగే ఉంటుందని మనం అనుకున్నాం. కొత్తది నచ్చకపోతే పాతదానికి వెనక్కి రావచ్చు, అక్కడ 7 మార్కులు మన కోసం కాచుకుని ఉంటాయి. గణితవేత్తలు కూడా ఈ లోపాన్ని గుర్తించారు. మనం చూడని సమయంలో కూడా మారిపోతూ ఉండే అవకాశాల గురించి 1988లో పీటర్ విటిల్ అనే శాస్త్రవేత్త ఒక పరిశోధన పత్రం రాశారు. ఆ సమస్య మరింత కఠినమైనది.

మన జీవితంలో అలా మారిపోయేది ఏది? అమర్‌కంటక్ కొండల్లో నర్మదా నది పుట్టి పడమరకు పారుతోంది. ఆ అమ్మాయి ఈ ఏడు వెళ్ళినా, పదేళ్ళ తరువాత వెళ్ళినా నర్మద అక్కడే పుడుతూ ఉంటుంది. అమ్మమ్మ సంగతి అలా కాదు. ఆవిడ చేతి ఆవకాయ, ఆవిడ చెప్పే ఊరి ముచ్చట్లు, దసరా వెళ్ళిన తరువాత మంగళవారం నాడు పైడితల్లి అమ్మవారి సిరిమాను చూడటానికి ఆవిడ చేయి పట్టుకుని వెళ్ళడం, ఇవన్నీ లెక్క పెట్టగలిగినన్ని సార్లే దొరుకుతాయి.

ఈ మాట చెప్పడానికి నాకు బిలాస్‌పూర్ స్టేషనే సాక్ష్యం ఇస్తోంది. రవీంద్రనాథ్ ఠాగూర్ 1918లో వెలువడిన 'పలాతకా' సంపుటిలో 'ఫాంకి' అనే బెంగాలీ కవిత రాశారు. ఫాంకి అంటే మోసం అని చెప్పుకోవచ్చు. అందులో కథ ఇది. బిను అనే ఇరవై మూడేళ్ళ యువతికి జబ్బు చేస్తుంది. గాలి మార్పు కోసం భర్త ఆమెను రైల్లో తీసుకువెళ్తాడు. పెళ్ళయ్యాక ఇంటి గడప దాటి అలా బయలుదేరడం ఆమెకు అదే మొదటిసారి. ప్రతి దృశ్యమూ ఆమెకు పండుగలా ఉంటుంది. బిలాస్‌పూర్‌లో రైలు మారాలి, ఆరు గంటలు ఆగాలి. అక్కడ రుక్మిణి అనే పేదరాలు తన కూతురి పెళ్ళి కష్టం చెప్పుకుంటుంది. ఆమెకు 25 రూపాయలు ఇవ్వమని బిను భర్తను అడుగుతుంది. భర్త సరేనని, రుక్మిణిని పక్కకు పిలిచి, బెదిరించి, 2 రూపాయలు చేతిలో పెట్టి పంపేస్తాడు. భార్యకు ఆ సంగతి చెప్పడు. రెండు నెలల తరువాత బిను చనిపోతుంది. ఆ రెండు నెలలూ తన జీవితాన్ని నింపాయని భర్తకు కృతజ్ఞత చెప్పి మరీ వెళ్ళిపోతుంది. అప్పుడు ఆ భర్త బాకీ తీర్చడానికి బిలాస్‌పూర్‌కు తిరిగి వస్తాడు. స్టేషను ఉంది. రుక్మిణి లేదు. ఎక్కడికో వెళ్ళిపోయింది, ఎవరూ సరిగా చెప్పలేరు.

ఈ కవితలో రెండు ప్రయాణాలూ ఉన్నాయని గమనించండి. కొత్త చోటికి వెళ్ళిన ప్రయాణం ఒక జబ్బుమనిషికి బతుకంత ఆనందం ఇచ్చింది. పాత చోటికి తిరిగి వచ్చిన ప్రయాణం ఆలస్యమైంది కనుక ఫలించలేదు. ఆనందం వాయిదా వేయవచ్చునేమో గాని, మనుషులకు మనం ఇవ్వవలసినది వాయిదా వేయకూడదు. స్థలాలు ఆగుతాయి, మనుషులు ఆగరు.

ప్రభుత్వ నిబంధన చెప్పే మాట

ఇదే విషయం మన ప్రభుత్వ నిబంధనల్లో కూడా కనిపిస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఎల్.టి.సి. అనే ప్రయాణ సౌకర్యం ఉంది. నాలుగేళ్ళ కాలంలో ఒకసారి సొంత ఊరికి, మరొకసారి భారతదేశంలో ఏ చోటికైనా వెళ్ళి రావచ్చు. అంటే పాతదానికి ఒక వాటా, కొత్తదానికి ఒక వాటా. ఇంకా ఆసక్తికరమైన విషయం ఒకటి ఉంది. కొత్తగా ఉద్యోగంలో చేరినవారికి మొదటి రెండు నాలుగేళ్ళ కాలాల్లో వేరే పద్ధతి ఉంది. ప్రతి నాలుగేళ్ళలో మూడుసార్లు సొంత ఊరు, ఒకసారి కొత్త చోటు. చిన్న వయసువారు కొత్తవి చూడాలని మన లెక్క చెప్పింది. ఈ నిబంధన మాత్రం కొత్తగా ఇల్లు విడిచినవారిని ముందు ఇంటివైపు పంపుతోంది. రెండూ తప్పు కాదు. లెక్క స్థలాలను చూసి చెప్పింది, నిబంధన మనుషులను చూసి చెప్పింది.

మరి ఆ అమ్మాయి ఏం చేయాలి?

ఇప్పుడు మన కుటుంబం దగ్గరికి తిరిగి వద్దాం. సెలవులు దొరికే పెద్ద ప్రయాణం విజయనగరానికే కానివ్వండి. కాని అమ్మాయి కోరిక కూడా తీరే మార్గం ఉంది. కొత్త చోటు అంటే దూరంగానే ఉండాలని ఎవరు చెప్పారు?

బిలాస్‌పూర్‌కు పాతిక కిలోమీటర్ల దూరంలో రతన్‌పూర్ ఉంది. 11వ శతాబ్దం నుంచి కలచురి రాజులకు రాజధానిగా ఉన్న ఊరు అది. అక్కడి మహామాయ ఆలయం ప్రసిద్ధం. మనియారీ నది ఒడ్డున తాలా గ్రామం ఉంది. అక్కడ దేవరాణి, జేఠాణి ఆలయాల దగ్గర 1980ల చివరలో ఒక వింత శిల్పం బయటపడింది. దాన్ని రుద్రశివుడు అంటారు. ముక్కు బల్లి ఆకారంలో, మీసాలు చేపల ఆకారంలో, గడ్డం పీత ఆకారంలో, చెవులు నెమళ్ళ ఆకారంలో ఉంటాయి. ఇలాంటి శిల్పం మరెక్కడా చూడం. ఈ రెండు చోట్లకు వెళ్ళి రావడానికి పాసు అక్కర్లేదు, ఒక్క ఆదివారం చాలు. అయినా ఏటా విజయనగరం వెళ్ళి వచ్చే పిల్లల్లో ఎంతమంది తాలా శిల్పం చూసి ఉంటారు? మీ ఊరి చుట్టూ పాతిక కిలోమీటర్లలో మీరు చూడనిది ఏముందో ఒకసారి ఆలోచించండి.

పాత ఊరికి వెళ్ళినప్పుడు కూడా ఒక కొత్త ప్రశ్న తీసుకువెళ్ళండి. మా తాతగారి తండ్రి ఈ ఊరు విడిచి రైల్వేలో ఎందుకు చేరారు? ఏ సంవత్సరంలో చేరారు? మొదటిసారి ఏ స్టేషనులో దిగారు? ఈ జవాబులు ఏ పుస్తకంలోనూ దొరకవు. అమ్మమ్మ దగ్గర, తాతయ్య దగ్గర ఉన్నాయి. ఆ ప్రశ్న అడిగిన రోజున, ఇరవైసార్లు చూసిన ఊరు కూడా మీకు కొత్త ఊరవుతుంది.

కాబట్టి విద్యార్థులారా, ఈ ప్రసంగం నుంచి ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. ప్రయాణం నిర్ణయించుకునే ముందు "పాతదా, కొత్తదా" అని కాక, "అక్కడ ఎవరున్నారు? ఏది ఆగుతుంది? ఏది ఆగదు?" అని అడగండి. మనుషులున్న చోటికి ముందు వెళ్ళండి. స్థలాల కోసం జీవితమంతా వెళ్తూనే ఉండండి.

ఈ సెలవుల్లో ఒక చిన్న అభ్యాసం చేయండి. నోటు పుస్తకంలో ఒక పేజీని రెండుగా మడవండి. ఒకవైపు మీరు మళ్ళీ వెళ్ళవలసిన ఇళ్ళు, వాటిలో మీరు అడగవలసిన ప్రశ్నలు రాయండి. రెండోవైపు మీ ఊరికి దగ్గరలో మీరు చూడని చోట్లు రాయండి. పెద్దవారికి చూపించి, రెండువైపులా ఒక్కొక్కటి ఈ ఏడే పూర్తి చేయండి.