పారణ లేని ఉపవాసము



నేటి నా ప్రసంగవిషయము భోజనమునకు సంబంధించినది. అన్నము లేని బీదరికమును గూర్చి గాని, అతిభోజనమువలన గలుగు మధుమేహాదులను గూర్చి గాని నేను చెప్పబోవుట లేదు. ఇంట ధాన్యము నిండుగా నుండియు, వడ్డించు తల్లి యెదుటనే యుండియు, తినజాలక కృశించువారిని గూర్చియు, వారిని చూచి కుములు కుటుంబములను గూర్చియు నాలుగు మాటలు మనవి చేసెదను. ఇది పట్టణముల వ్యాధి యనియు, కలవారి పిల్లల వేషమనియు తలచువారు మనలో పెక్కురు కలరు. అట్లు తలచుటవలననే చికిత్సకు ఆలస్యమగుచున్నది.

నేను సంగారెడ్డి ప్రాంతమున 35 సంవత్సరములు బడిపంతులుగా నుండి విశ్రాంతి గొన్నవాడను. మా చిన్ననాట మంజీరా పరిసరములలో ఆకలి యనగా గాదె ఖాళీ యగుటయే. ఆహారమును గూర్చి మన దేశమున జరిగిన పరిశోధనలును మొదట ఆ యాకలి చుట్టునే తిరిగినవి. 1918లో కూనూరులో చిన్నగా మొదలైన పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు దాల్చినది. డాక్టరు సి. గోపాలన్ మున్నగువారు, జొన్నయే ముఖ్యాహారముగా గల దక్కను పేదలకు పెల్లాగ్రా యను వ్యాధి యేల వచ్చుచున్నదో అచ్చట శోధించిరి. 1972లో మన పటాన్‌చెరులోనే ఇక్రిశాట్ అను అంతర్జాతీయ సంస్థ వెలసి జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుసెనగలపై కృషి సల్పుచున్నది. గింజ కొఱత తీర్చుటకు ఇంత కృషి జరిగిన నేలమీదనే, గింజ యుండియు గొంతు దిగని వ్యాధి కానవచ్చుట ఆలోచింపదగిన సంగతి.

ఈ జాతి వ్యాధులలో నొకటి మీకు చిరపరిచితమే. బడిలో బలపములు కొఱికి తిను పిల్లలను నేను ఏటేట చూచితిని. గోడ సున్నము గీకి తినువారును, పొయ్యిమట్టి తిను గర్భిణులును మన గ్రామములలో నున్నారు. నేటి వైద్యులు దీనిని పైకా యందురు. భోజనసంబంధమగు రుగ్మతలలో దీనిని చేర్చిరి. రక్తహీనతకును దీనికిని సంబంధము కలదు. మన్ను తినుటవలన బుట్టు పాండురోగమును మన ఆయుర్వేదము వేఱుగ లెక్కించియే యున్నది. తెలిసినవారు అట్టి బిడ్డను కొట్టరు, రక్తపరీక్ష చేయింతురు. అన్నము మానిన బిడ్డయెడలను మనకు ఈ వివేకమే కావలెను.

అన్నమును రోయుటకు మనస్సు కారణము కావచ్చునని మన పూర్వులెఱుగుదురు. వారు అరోచకము ఐదు విధములని చెప్పి, వాత పిత్త కఫ సన్నిపాతములవలన గలుగు నాలుగింటికి తోడు, శోకము, భయము, క్రోధము మున్నగువానివలన గలుగుదానిని ఐదవదిగా నిలిపిరి. అన్నమును తలచినను చూచినను ద్వేషము పుట్టుటకు భక్తద్వేషమని పేరు. ఇచ్చట భక్తమనగా అన్నమే. నేటి వైద్యులు చెప్పునదంతయు మనవారు ముందే చెప్పిరని వాదించుట నా యుద్దేశము కాదు. ఇది వేషము కాదు, వ్యాధి యన్నమాట మన శాస్త్రమునకు విరుద్ధము కాదని చూపుటయే నా తాత్పర్యము.

పాశ్చాత్యదేశములలో 1689లోనే రిచర్డ్ మార్టన్ అను ఆంగ్లవైద్యుడు, జ్వరము గాని క్షయ గాని లేకయే కృశించిన యిరువురిని వర్ణించెను. అందొకతె కన్య, రెండవవాడు బాలుడు. కావున ఇది ఆడపిల్లలకే వచ్చునని యనుకొనరాదు. 1873లో లండనులో సర్ విలియం గల్, పారిసులో లాసెగ్ ఈ వ్యాధిని వేర్వేరుగ వివరించిరి. గల్ పెట్టిన అనొరెక్సియా నెర్వోజా యను పేరే నిలిచినది. ఇంటివారికి బ్రతిమాలుట, బెదరించుట యను రెండే యుపాయములు తెలియుననియు, రెండును విఫలమగుననియు లాసెగ్ నాడే గమనించెను. మన యిండ్లలో నేటికిని జరుగునది యిదియే కదా! 1979లో గెరాల్డ్ రస్సెల్ అను లండను వైద్యుడు మఱియొక రూపమును వర్ణించెను. అందు రోగి చాటున మితిమీరి తిని, పిదప భయపడి, తిన్నదానిని తానై వమనము చేసికొనును. దానికి బులీమియా నెర్వోజా యని పేరు.

ఇట్టివారికి ఆకలి లేదని పలువురు తలతురు. అది సత్యము కాదు. రెండవ ప్రపంచయుద్ధము ముగియు కాలమున, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రవేత్త, ఆరోగ్యవంతులై తమంతట ముందుకు వచ్చిన 36 మంది యువకులకు ఆరునెలలు అరకొర భోజనము పెట్టి పరీక్షించెను. వారి బరువు నాలుగవవంతు తగ్గినది. అంతకంటె వింత వారి మనస్సులో జరిగినది. వారు పగలు రేయి తిండిని గూర్చియే తలపోసిరి, వంటపుస్తకములు పోగుచేసిరి, ముద్దను గంటలకొలది సాగదీసిరి, చిఱ్ఱుబుఱ్ఱులాడిరి, స్నేహితులకు దూరమైరి. అనగా పస్తే మనస్సును మార్చివేయును. మన యిండ్లలో ఒక పిల్ల అందఱికి రకరకముల వంటలు చేసి, కొసరి కొసరి వడ్డించి, తాను మాత్రము తరువాత తినెదనని తప్పించుకొనుచుండును. ఎంత పనిమంతురాలని మనము మురిసిపోదుము. స్త్రీలు కడపట తినుట ఆచారమైన యింట ఆమె విస్తరిని చూచువారెవరు?

ఈ వ్యాధి మన దేశమున నున్నదా యని అడుగవచ్చును. 1995లో ఢిల్లీకి చెందిన ఖండేల్‌వాల్ మున్నగు మానసికవైద్యులు ఐదుగురు రోగులను గూర్చి వ్రాసిరి. వారు భోజనము మాని బాగుగా కృశించిరి గాని, పాశ్చాత్యరోగులవలె లావగుదుమను భయమును, తమ దేహమును గూర్చిన భ్రమను వెల్లడింపలేదు. కడుపు బరువుగా నున్నది, సయించదు అని మాత్రమే చెప్పు రోగులను హాంగ్‌కాంగులోని వైద్యులును వర్ణించిరి. అందుచేత మనవారు సంవత్సరములకొలది కడుపునొప్పి మందులతో కాలక్షేపము చేయుదురు. వేఱొకదిక్కున, అద్దములోని రూపమును గూర్చిన దిగులు క్రొత్తగా ప్రవేశించుచున్నది. ఫిజీ ద్వీపములలో నడ్రోగా యను ప్రాంతమునకు 1995లో టెలివిజను వచ్చినది. హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన ఆన్ బెకర్ అచ్చటి ఆదివాసి బాలికలను అప్పుడును, మూడేండ్ల పిదపను ప్రశ్నించెను. బరువు తగ్గుటకై వమనము చేసికొనువారు మొదట ఒక్కరును లేరు. 1998 నాటికి నూటికి 11 మంది యైరి. నేడు మన పల్లెలోని ప్రతి బిడ్డ చేతిలోను ఆ యద్దము సెల్‌ఫోను రూపమున నున్నది.

మనయందు ఈ వ్యాధికి మంచి మఱుగు ఉపవాసము. ఏకాదశి, శనివారము, కార్తిక సోమవారము అని బిడ్డ చెప్పినచో కాదనుటకు మనకు నోరు రాదు. ఉపవాసమును నేను నిందింపను. నేనును చేయుదును. అయితే గుర్తు తెలియవలెను. ఏకాదశి వెంబడి ద్వాదశి యున్నది. వ్రతమునకు పారణ యున్నది. పారణ చేయునాడు మనస్సు తేలికపడును. ఈ రోగమునకు పారణ లేదు. ఒకదినపు వ్రతము రెండగును, రెండు నాలుగగును, పారణవేళ ముద్ద చూచి బిడ్డ వణకును. పారణ లేని యుపవాసము వ్రతము కాదు; వ్యాధి.

నా సహాధ్యాయి యొకడు ఒకనాడు వచ్చి, "పంతులూ, ఇంట గింజలకు కొదువ లేదు, బిడ్డ గొంతులోనికి మాత్రము దిగుట లేదు" అని కన్నీరు పెట్టుకొనెను. అతని కుమారుడు పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేయువాడు. ఒకవారము పగలు, ఒకవారము రేయి. తండ్రి వచ్చువేళకు తల్లి నిద్రించును, తల్లి లేచువేళకు కూతురు కాలేజీ బస్సెక్కును. ఆ యింట నలుగురు కలిసి విస్తరిముందు కూర్చుండుట నెలకొకమాఱు. టిఫిను డబ్బాలోని యన్నము ఏమగుచున్నదో యెవరికిని తెలియలేదు. బిడ్డ జుట్టు రాలి, ఎండలోను చలి యని శాలువ కప్పుకొని, తుదకు బస్సులో మూర్ఛపోయిన పిదప తెలిసినది.

అప్పటినుండి ఆ యిల్లు రెండుగా చీలినది. నాయనమ్మ దిష్టి యని తాయెత్తు కట్టించెను. మేనత్త తల్లి పెంపకమును తప్పుపట్టెను. తండ్రి విస్తరిముందు గద్దించెను. తల్లి నిద్రాహారములు మానెను. పదేండ్ల తమ్ముని యెవరును పలుకరింపరైరి. పెండ్లి సంబంధములు చెడునని సంగతిని బంధువులకు దాచిరి. ఒక్క బిడ్డ తినకపోవుటచే ఆఱుగురు మనుష్యులు చిక్కిపోయిరి. కుటుంబమునకు ఈ వ్యాధి చేయు హాని యిట్టిది.

తల్లిదండ్రులే కారణమను మాటను ఒకప్పుడు వైద్యులును పలికిరి. రోగికి చుట్టములే మిక్కిలి చెడ్డ పరిచారకులని గల్ తలచెను. ఆ యభిప్రాయము నేడు నిలువలేదు. కుటుంబమే ఈ వ్యాధికి ముఖ్యకారణమను వాదమును ఈ రంగమునందలి అంతర్జాతీయ వైద్యుల సంఘము 2010లో ప్రకటించిన పత్రమున త్రోసిపుచ్చినది. 2019లో ఇంచుమించు 17,000 మంది రోగుల వంశలక్షణములను పరిశీలించి, ఇందు పుట్టుకతో వచ్చు పాలు కలదనియు, అది మనస్సునకే గాక దేహము ఆహారమును వినియోగించుకొను తీరునకును సంబంధించినదనియు కనుగొనిరి. అట్లని ఉపేక్షింపరాదు. మనోవ్యాధులలో మిక్కిలి ప్రాణాంతకమైనవానిలో నిది యొకటి. 2011లో అనేక పరిశోధనలను సమన్వయించి చూడగా, ఈ వ్యాధితో మరణించిన ప్రతి ఐదుగురిలో ఒకరు ఆత్మహత్య చేసికొన్నవారని తేలినది.

ఇక మంచి వార్త చెప్పెదను. లండనులోని మాడ్స్‌లీ వైద్యశాలవారు 1987లో ఒక పరిశోధన ఫలితమును ప్రకటించిరి. చిన్నవయస్సున మొదలై, మూడేండ్లు దాటని వ్యాధికి, తక్కిన పద్ధతికంటె కుటుంబమును చేరదీసి చేయు చికిత్సయే మేలని అందు తేలినది. మొదట భోజనబాధ్యతను తల్లిదండ్రులు చేపట్టుదురు. బలము వచ్చిన కొలది దానిని మెల్లగా బిడ్డకు మరల నప్పగింతురు. నిందితులని యెంచబడిన యింటివారే ఔషధమైరి. అచ్చటి జానెట్ ట్రెజర్ అను వైద్యురాలు ఇంటివారికి మన పంచతంత్రమువలె జంతువుల పోలికలతో బోధించినది. బిడ్డను సంచిలో దాచుకొను కంగారూవలె అతిగారాబము వలదు. ఖడ్గమృగమువలె మీదబడి వాదింపవలదు. ఇసుకలో తల దూర్చునని లోకులు చెప్పుకొను నిప్పుకోడివలె చూడనట్లు నటింపవలదు. ఈదలేనివారి ప్రక్కనే యీదుచు మెల్లగా ఒడ్డువైపు నెట్టు డాల్ఫినువలె నుండవలెను.

నా మిత్రుని యింట జరిగినదియు నిదియే. వైద్యుని మాటపై ఆ తాత ప్రతిపూట మనుమరాలి ప్రక్కన కూర్చుండెను. ముద్దలు లెక్కపెట్టలేదు, కోపింపలేదు, విస్తరి ముగియకుండ లేవనీయలేదు. పొలము సంగతులు, పాత కథలు చెప్పుచుండెను. ఏడాదికి పైగా పట్టినది. నడుమ రెండుమార్లు వెనుకంజ వేసినది. ఇప్పుడు ఆమె చదువుకొనుచున్నది. ఇప్పటికిని కొన్ని దినములు కష్టముగనే గడచుచున్నవని అతడు చెప్పును.

పెద్దలారా! కొన్ని గుర్తులు మనస్సున నుంచుకొనుడు. కారణము లేక బిడ్డ చిక్కుట, నెలసరి నిలిచిపోవుట, తరచు మూర్ఛ, అందఱితో తినక తప్పించుకొనుట, తిన్నవెంటనే స్నానాలగదికి పోవుట, పండ్లు అరుగుట, ఇవి కనిపించినచో వైద్యునికి చూపుడు. క్షయ, కడుపువ్యాధులు ముందు పరీక్షింపబడవలెను; పిదప మానసికవైద్యుని చూడవలెను. దీర్ఘకాలము పస్తున్నవారికి ఒక్కమాఱుగా విందు పెట్టకుడు. రక్తములోని ఫాస్ఫేటు మున్నగు లవణములు తటాలున తగ్గి గుండెకు అపాయము కలుగును. వైద్యుడు చెప్పిన క్రమమున పెంచవలెను. మనోవ్యాధులకు సలహా చెప్పుటకై 2022లో ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ అను సేవకు 14416 సంఖ్యకు ఫోను చేయవచ్చును, రుసుము లేదు.

ఇంటి ఆడువారిపై నింద పడినప్పుడు ఆపగలవారు మీరే. పెండ్లి భయముతో వ్యాధిని దాచుచున్నప్పుడు ధైర్యము చెప్పగలవారును మీరే. షిఫ్టు పనుల నడుమ దినమునకు ఒకపూటయైన ఇంటివారందఱు ఒకచోట కూర్చుండి తినునట్లు చేయుడు. ఎవరి విస్తరిలో నేమి మిగిలినదో అప్పుడు మనకే కనబడును. అన్నము పరబ్రహ్మస్వరూపమని మనవారు చెప్పుదురు. దానిని చూచి వణకు బిడ్డ దోషి కాదు, రోగి యని తెలిసికొని ప్రక్కన కూర్చుండుడని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాను.