పేగు ఆపరేషన్ తర్వాత దాహం: నీళ్లతోపాటు ఉప్పు

టైఫాయిడ్‌తో చిన్నపేగుకు చిల్లు పడినా, పేగు క్షయతో దారి మూసుకుపోయినా, ఆపరేషన్ చేసి పేగు చివరను పొట్ట మీదికి తెచ్చి సంచి తగిలించాల్సి రావచ్చు. చాలామందికి కొన్ని నెలల తర్వాత మళ్లీ లోపల కలిపేస్తారు. ఆ నెలల్లో ఏప్రిల్, మే పడితే భద్రాచలం, కొత్తగూడెం ఎండ గురించి మీకు ఒకరు చెప్పాలా? తునికాకు కోసేదీ అప్పుడే. ఇంటికి పంపేటప్పుడు అందరూ చెప్పే మాట "నీళ్లు బాగా తాగించండి" అని. ఆ సలహా సగమే సరైనది. రెండో సగం చెప్పకపోతే మొదటి సగమే కీడు చేస్తుందని నా వాదన.

రోజూ మన పేగులోకి 8, 9 లీటర్ల ద్రవం దిగుతుంది. తాగేది అందులో రెండు లీటర్లే. మిగతాదంతా లాలాజలం, జఠరరసం, పైత్యరసం లాంటి ఒంటి ఊట. చిన్నపేగు చాలావరకు పీల్చుకోగా మిగిలిన లీటరు, లీటరున్నరను ఉప్పుతో సహా పెద్దపేగు వెనక్కి లాగుతుంది. సంచి పెట్టాక ఆ పని ఆగిపోతుంది. సంచిలోకి పోయే ప్రతి లీటరుతో సుమారు 6 గ్రాముల ఉప్పు, అంటే దాదాపు ఒక చెంచా, ఒంట్లోంచి పోతుంది. సంచి పలచగా, ఎక్కువగా పారేవాళ్లు సాదా నీళ్లు గటగటా తాగితే, చిన్నపేగు పైభాగపు గోడలు ఒంట్లోని సోడియాన్ని ఆ నీళ్లలోకి వదులుతాయి. తాగినకొద్దీ సంచి నిండుతుంది గానీ దాహం తీరదు.

దీనికి విరుగుడు మన దేశంలోనే రుజువైంది. గ్లూకోజ్ తోడుంటే సోడియం పేగు గోడ దాటి లోపలికి వస్తుంది, దాని వెంట నీరూ వస్తుంది. 1971లో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ సూత్రంతోనే కలరా రోగులను కాపాడారు. ఇవాళ్టి ఓఆర్ఎస్ ప్యాకెట్‌కు మూలం అదే. లీటరు ప్యాకెట్‌ను లీటరు నీళ్లలోనే కలపాలి, పలచన చేస్తే ఫలితం పోతుంది. సంచి మరీ ఎక్కువగా పారితే ఆ ఉప్పు కూడా చాలకపోవచ్చు, ఇంకెంత వేయాలో డాక్టరు చెబుతారు. ఉప్పు వేసిన గంజి కూడా ఈ సూత్రానికి దగ్గరిదే, కాబట్టి దాన్ని పేదవాళ్ల తిండని చిన్నచూపు చూడకండి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. కూల్‌డ్రింకుల్లోని చక్కెర నీటిని పేగులోకి ఇంకా లాగుతుంది.

"బీపీ ఉన్నవాళ్లకు ఉప్పా?" అని అడుగుతారు. ఉప్పు తగ్గించమన్నది ఒంట్లో అది నిలిచేవాళ్లకు. ఇక్కడ అది కారిపోతోంది. అయినా గుండె, కిడ్నీ జబ్బులుంటే కొలత డాక్టరే చెప్పాలి. సంచి నిండుతోందని తాగడమే మానేసేవాళ్లూ ఉన్నారు. ఊరే రసాలు అంతమాత్రాన ఆగవు, దెబ్బ మాత్రం కిడ్నీల మీద పడుతుంది.

సంచిని ఖాళీ చేసేటప్పుడు కొలత గీతలున్న మగ్గులో పోయండి. రోజుకు లీటరున్నర దాటినా, మూత్రం తగ్గి ముదురు రంగులోకి మారినా, పిక్కలు పట్టేసినా, లేచి నిలబడితే కళ్లు తిరిగినా సెలైన్ ఎక్కించాల్సి రావచ్చు. చర్ల, దుమ్ముగూడెం అవతలి గూడేలవాళ్లు రేపు చూద్దాంలే అనుకోకుండా ఆ పూటే ఆస్పత్రికి బయల్దేరాలి.