కుటుంబ వైద్యుల సంఘము – దాని పరిపాలన



సంఘమును స్థాపించుట సులభము, నడపుట కష్టమని మీకు నేను చెప్పనక్కఱలేదు. మీలో పలువురు దేవాలయ ధర్మకర్తలుగానో, సహకార పరపతి సంఘమున పెద్దలుగానో, గ్రామ పంచాయతీ సభ్యులుగానో పనిచేసినవారే. సంవత్సరాంతమున జమాఖర్చులు చదువునపుడు సభలో ఎట్టి నిశ్శబ్దము కలుగునో మీ రెఱుగుదురు. ఎవరి చేతిలో తాళపుచెవు లున్నవి, ఎంతకాలమునుండి యున్నవి, లెక్క యడిగిన వానిని సభ యెట్లు చూచును? సంఘము యొక్క మంచిచెడ్డలన్నియు ఈ మూడు ప్రశ్నలలోనే యున్నవి.

ఈ సాయంకాలము నేను మీకు చెప్పదలచినది వైద్యులు తమకు తాము ఏర్పఱచుకొన్న యొక సంఘమును గుఱించి. అది మన దేశములోనిది కాదు, బ్రిటనులోనిది. అయినను ఆ కథలో మనవారికి సంబంధించిన ఘట్టము కూడ నొకటి కలదు. నేను నలువది సంవత్సరములు కృష్ణా డెల్టాలోని పల్లెలలో వైద్యము చేసినవాడను. ఆ సంఘమున నేను సభ్యుడను కాను. దానిని పొగడవలసిన పనియు, తెగడవలసిన పనియు నాకు లేదు. నా వృత్తివారు తమ్ము తాము పాలించుకొనుటకు చేసిన యత్నముగా దానిని నేను శ్రద్ధతో చదివితిని.

ముందుగా కుటుంబ వైద్యుడన నెవరు? కంటికొక వైద్యుడు, గుండెకొక వైద్యుడు, ఎముకకొక వైద్యుడు ఉన్న యీ దినములలో, మనిషి నంతటిని చూచువాడు కుటుంబ వైద్యుడు. తాతకు దగ్గు, కోడలికి కానుపు, మనుమనికి జ్వరము, ఈ మూడును ఒకే గడపలోనివని తెలిసినవాడు. ఎప్పుడు మందీయవలెనో, ఎప్పుడు మందు మాన్పింపవలెనో, ఎప్పుడు రోగిని పెద్ద ఆసుపత్రికి పంపవలెనో నిర్ణయించువాడు. ఇట్టివాని పని కంటికి చిన్నదిగా కనబడును; తప్పు జరిగిన దినముననే అది యెంత పెద్దదో తెలియును.

బ్రిటనులో 1948వ సంవత్సరము జూలై 5వ తేదీన జాతీయ ఆరోగ్య సేవ ప్రారంభమయ్యెను. ప్రతి కుటుంబమును తన సమీపమున నున్న యొక వైద్యుని వద్ద పేరు నమోదు చేయించుకొని, రుసుము లేకుండ వైద్యము పొందవచ్చునని ఏర్పాటు జరిగెను. ప్రజలకు మేలు కలిగెను; కాని కుటుంబ వైద్యుని స్థితి మాత్రము దిగజారెను. గౌరవమును, పరికరములును ఆసుపత్రులలోని నిపుణులకు దక్కెను. ఆస్ట్రేలియానుండి వచ్చిన జోసెఫ్ కాలింగ్స్ అను వైద్యుడు ఊరూర తిరిగి వైద్యశాలలను చూచి, 1950లో లాన్సెట్ అను వైద్యపత్రికలో తన నివేదికను ప్రకటించెను. కుటుంబ వైద్యము స్థితి చెడ్డగా నున్నదనియు, నానాటికి మఱింత చెడుచున్నదనియు ఆయన నిర్మొగమాటముగా వ్రాసెను.

ఇట్టి మాట విన్నపుడు మనుష్యులు పట్టు దారులు రెండు. మాటాడినవానిని నిందించుట యొకటి. తమ యిల్లు చక్కబెట్టుకొనుట రెండవది. ప్రెస్టన్ పట్టణమున వైద్యము చేయుచుండిన ఫ్రేజర్ రోజ్, లండనులో వైద్యము చేయుచుండిన జాన్ హంట్, ఈ యిరువురును రెండవ దారి పట్టిరి. కుటుంబ వైద్యులకు తమ విద్యను తామే పెంపొందించుకొను కళాశాల యొకటి వలయునని 1951లో వారు పత్రికలలో లేఖ ప్రకటించిరి. ఇచ్చట కళాశాల యనగా పిల్లలు చదువుకొను బడి కాదు; ఒక వృత్తివారి విద్వత్సంఘమని గ్రహింపవలెను.

ఈ కోరిక క్రొత్తది కాదు. 1840 దశకములో నొకసారి యిట్టి యత్నము జరిగి, పాత సంఘముల యెదిరింపువలన విఫలమయ్యెను. ఈసారియు అదే యెదిరింపు లేచెను. అప్పటికే వైద్యులకు, శస్త్రవైద్యులకు, ప్రసూతి వైద్యులకు ప్రత్యేకముగా రాయల్ కాలేజీలు మూడు కలవు. వేఱు సంఘ మెందులకు, మా క్రింద నొక శాఖగా నుండుడని ఆ పెద్దలు సెలవిచ్చిరి. పెద్దన్న యింటిలో వసారా యిచ్చెదము, వేఱింటి యూహ మానుమని చెప్పినట్లుండెను. మాజీ ఆరోగ్యమంత్రి హెన్రీ విల్లింక్ అధ్యక్షతను ఏర్పడిన సంఘము ఆ మాటకు లోబడలేదు. ఎదిరించువారు అడ్డుపడకమునుపే, 1952 నవంబరు 19వ తేదీన, బయటికి పొక్కనీయక నిబంధనావళిపై సంతకములు చేసి సంఘమును స్థాపించిరి. అదియే నేడు రాయల్ కాలేజ్ ఆఫ్ జనరల్ ప్రాక్టీషనర్స్ అని ప్రసిద్ధి కెక్కినది. రాయల్ అను బిరుదము 1967లోను, రాజశాసనము 1972లోను దానికి లభించెను.

తలుపులు మూసికొని సంఘమును పుట్టించుట ధర్మమా యని మీరడుగవచ్చును. ఆనాటి యవసరము అట్టిదని నేననుకొందును. అయితే తలుపులు మూసికొని పుట్టిన సంఘమునకు ఒక ఋణము మిగిలియుండును. పుట్టిన పిమ్మట తన తలుపులన్నియు తెఱచి యుంచుటయే ఆ ఋణమును తీర్చుకొను మార్గము.

ఆ సంఘమునకు తొలి అధ్యక్షుడుగా నెవరిని ఎన్నుకొనిరో వినుడు. లండను మహానగరములో పేరుపొందిన వైద్యుని గాదు. యార్క్‌షైరు కొండలనడుమ ఎయిస్‌గార్త్ అను పల్లెలో సుమారు అర్ధశతాబ్దము వైద్యము చేసిన విలియం పికిల్స్ అను పల్లె వైద్యుని. ఆయన ఘనత యేమి? తన లోయలోని పల్లెలలో ఎవరి కెప్పు డేయంటు రోగము వచ్చెనో, ఎవరినుండి వచ్చెనో, దినదినమును వ్రాసియుంచెను. ఆయన భార్యయు, కుమార్తెయు ఆ పట్టికలు సిద్ధపఱచుటకు తోడ్పడిరి. 1929లో ఆ ప్రాంతమున కామెర్లు వ్యాపించెను. ఉదయమున మంచముపై నున్న యొక బాలికను ఆయన చూచి వచ్చెను. ఆమె యా మధ్యాహ్నమే లేచి గ్రామోత్సవమునకు పోయెను. తరువాత సుమారు నెల దినములకు అక్కడ ఆమెను కలిసికొన్నవారిలో పలువురు పడకవేసిరి. రోగము సోకిన పిమ్మట బయటపడుటకు ఎన్నాళ్లు పట్టునో ఈ విధముగా ఆ పల్లెటూరి పుస్తకమునుండి లోకమునకు తెలిసెను. 1939లో ఆయన వ్రాసిన గ్రంథమును నగరములలోని పండితులు సైతము గౌరవించిరి.

వాక్చాతుర్యము గలవానిని గాక, లెక్క వ్రాయువానిని ముందు కూర్చుండబెట్టుటలో ఆ సంఘము తన గుణమును తెలిపికొన్నదని నా యభిప్రాయము. మఱియొక విశేషము. సంఘమునకు ప్రాణము పోసిన జాన్ హంట్ వెంటనే అధ్యక్షపీఠము నెక్కలేదు. సుమారు పదునైదేండ్లు గౌరవ కార్యదర్శిగా ఉత్తరములు వ్రాయుచు, సభలు కూర్చుచు పనిచేసి, 1967లో గాని అధ్యక్షుడు కాలేదు. స్త్రీలకును అందు నాయకత్వము దొరకెను. ఆనిస్ గిల్లీ అను వైద్యురాలు 1959లోనే కౌన్సిలునకు అధ్యక్షత వహించెను.

ఇక పరిపాలన పద్ధతి. దేశమంతట ప్రాంతీయ శాఖలు కలవు. ఆ శాఖల ప్రతినిధులును, సభ్యులు నేరుగా ఎన్నుకొన్నవారును కలిసి కౌన్సిలుగా కూడుదురు. సంఘాధ్యక్షుడు వేఱు, కౌన్సిలు నధ్యక్షించి నడపువారు వేఱు. మొదటిది గౌరవస్థానము, రెండవది భారము మోయు స్థానము. భారము మోయువారి గడువు ఈ మధ్యకాలమున మూడేండ్లుగా నడచుచున్నది. మూడేండ్లకు తాళపుచెవులు చేయి మాఱును. ఎంత సమర్థుడైనను శాశ్వతముగా కూర్చుండరాదను నియమము సమర్థునికే మేలు చేయును. అతడు దిగిపోవు దినము తెలిసియుండుటచేత తన తరువాతివానిని సిద్ధము చేయును. ఆస్తిపాస్తుల జవాబుదారి ధర్మకర్తల మండలిది. వైద్యవిషయముల చర్చ కౌన్సిలుది. రోగుల పక్షమున మాటలాడుటకు వైద్యులు కానివారిని చేర్చి యొక బృందమును 1980 దశకములోనే ఏర్పఱచిరి. రైతుల సంఘములో కూలీల మాట వినుటకు కొంత చోటుంచినట్టిదే యిది.

ఆ దేశమున వైద్యులకు సంబంధించిన పనులు మూడు చేతులలో నున్నవి. వైద్యుని పేరు పట్టికలో చేర్చుటయు, తప్పుచేసినచో తొలగించుటయు జనరల్ మెడికల్ కౌన్సిలు పని. జీతభత్యములకై బేరమాడుట బ్రిటిష్ మెడికల్ అసోసియేషను పని. విద్యయు, పనిలో శ్రేష్ఠతయు ఈ కళాశాల పని. బేరమాడు నోరును, తీర్పుచెప్పు నోరును ఒకటి కారాదన్న నీతి యిందు కలదు.

అయితే చరిత్ర ఒకచోట నిలిచియుండదు. మొదట అనుభవమును, చదువు సాగించుదునన్న వాగ్దానమును చూచి సభ్యులను చేర్చుకొనెడివారు. 1965లో పరీక్ష ప్రారంభమయ్యెను. 2007నుండి ఆ పరీక్షలో నెగ్గినగాని క్రొత్తగా శిక్షణ పొందినవారు కుటుంబ వైద్యులు కాజాలరను ఏర్పాటు వచ్చెను. ఇష్టమున్నవారు చేరు సంఘము, ఊరి పొలిమేర ద్వారమువంటి దయ్యెను. ద్వారపాలకుని చేతికి అధికారము వచ్చినపుడే సంఘమునకు నిజమైన పరీక్ష.

ఇక మనవారి ఘట్టము. స్వాతంత్ర్యానంతరము భారతదేశమునుండి వేలకొలది వైద్యులు ఆ దేశమునకు పోయిరి. వారిలో తెలుగువారును అనేకులు కలరు. స్థానికులు పోవుట కిష్టపడని వేల్సు బొగ్గుగనుల లోయలలోను, పారిశ్రామిక పట్టణముల పేదవీథులలోను కుటుంబ వైద్యులుగా నిలిచినవారిలో వీరి పాలు పెద్దది. వారి తరువాత వచ్చిన తరమువారు పైన చెప్పిన పరీక్షకు కూర్చుండవలసి వచ్చెను. అందొక భాగమున నటులు రోగులుగా వచ్చి కూర్చుండెడివారు. ఒక్కొక్కరికి పది నిమిషముల చొప్పున పదుముగ్గురను చూడవలసి యుండెను. పరీక్షకుడు ప్రక్కనుండి చూచుచుండెడివాడు. ఈ భాగమున విదేశములలో చదివి వచ్చినవారు మొదటిసారి తప్పుట మిక్కిలి హెచ్చుగా నుండెను. అంతేకాదు; ఆ దేశముననే చదివినవారిలో కూడ, తెల్లవారికంటె ఇతర జాతులవారు హెచ్చుగా తప్పుచుండిరని 2013లో ప్రకటితమైన యొక పరిశీలన తెలిపెను.

భారతసంతతి వైద్యుల బ్రిటిష్ సంఘము న్యాయస్థానమున దావా వేసెను. 2014 ఏప్రిలులో న్యాయమూర్తి మిట్టింగ్ తీర్పు చెప్పెను. పరీక్ష చట్టవిరుద్ధము కాదని దావాను కొట్టివేసెను. కాని ఈ వ్యత్యాసమును తగ్గించుటకు కళాశాల పూనుకొనవలెననియు, పూనుకొననిచో ముందు ముందు కర్తవ్యము తప్పినదిగా ఎంచబడవచ్చుననియు హెచ్చరించెను. దావా వేసినవారికి చట్టములో ఓటమియు, నీతిలో గెలుపును కలిగినట్లయ్యెను. ఆ పరీక్షాభాగము 2020లో మహమ్మారి కారణమున నిలిచిపోయెను. 2023లో దాని స్థానమున క్రొత్త పద్ధతి వచ్చెను.

ఈ వివాదమున న్యాయ మెవరిది? నేను తొందరపడి చెప్పజాలను. చేతకాని వైద్యుని లోపలికి రానీయకుండుట రోగికి రక్ష. పరీక్ష లేని ద్వారము పల్లెకు ప్రమాదము. నలువది యేండ్లలో అట్టి ప్రమాదములను నా కన్నులార చూచితిని. కాని నటుని యెదుట మాటతీరులో తడబడినవాడు రోగి యెదుట కూడ తడబడునా? ఉచ్చారణము, సంజ్ఞలు, నవ్వు, ఇవి విద్యలో భాగమెంత, ఆచారములో భాగమెంత? ఇది నిజమైన ప్రశ్న. దీనికి జవాబు ద్వారమునకు లోపల నున్నవారు మాత్రమే చెప్పదగినది కాదు.

ఒక్కమాట మాత్రము కళాశాల పక్షమున చెప్పవలెను. ఏ వర్గమువా రెందఱు నెగ్గిరో, ఎందఱు తప్పిరో ఆ లెక్కలను అది తానే వ్రాసి ప్రకటించుచు వచ్చెను. ఆ లెక్కలే తరువాత దానిని ప్రశ్నించుటకు సాధనములయ్యెను. తన్ను నిలదీయగల పుస్తకమును తానే వ్రాసి తెఱచియుంచుట తొలి అధ్యక్షుడైన పికిల్స్ నేర్పిన పద్ధతియే. మూసిన తలుపుల వెనుక పుట్టిన ఋణము కొంతవఱకు అక్కడ తీరినది. పూర్తిగా తీరినదని నేననను.

కనుక పెద్దలారా, వైద్యుల సంఘమైనను, మీ యూరి పాలసంఘమైనను, దాని నాయకుని మంచివాడా యని అడిగి యూరకుండవలదు. మంచివాడు కావచ్చును. ఎంతకాలమునకు వచ్చెను, దిగు దిన మెప్పుడు అని అడుగుడు. లెక్క వ్రాయువా డెవడు, ఆ లెక్క యెవరికి కనబడును అని అడుగుడు. అన్నిటికంటె ముఖ్యముగా, ద్వారము వెలుపల నిలువబడినవాని మాట వినుటకు లోపల నొక పీట యున్నదా యని అడుగుడు. మీ యూరికి వచ్చు వైద్యుని కూడ, అయ్యా, మీ సంఘము మీకు నేర్పుచున్న దేమి, మా మాట వినుచున్న దెట్లు అని మర్యాదగా ప్రశ్నింపుడు. మంచి వైద్యు డందులకు కోపగింపడు.

నేను పని మానునాడు నా రోగుల పుస్తకములను నా తరువాత వచ్చిన చిన్నవాని చేతికిచ్చితిని. అందులో నేను చేసిన పొరపాట్లును వ్రాసియున్నవి. వాటిని చించివేయుదునా యని యొక రాత్రి ఆలోచించితిని, చింపలేదు. ఆ పుటలే అతనికి ఎక్కువగా పనికివచ్చినవని తరువాత అతడు నాతో చెప్పెను.